డిస్టార్షన్ పెడల్ కొనే ముందు: సౌండ్ ని నిజంగా మార్చే పార్ట్ ఏది?

ఫోన్ వాల్యూమ్ ఫుల్ పెడితే ఆ చిన్న స్పీకర్ బరబరమని మోగడం మనందరం విన్నదే. ఫోన్ రివ్యూలో అయితే దానికి మార్కులు కట్ చేస్తాం. గిటార్ వాయించేవాళ్ళు మాత్రం అదే బరబర కోసం వేలు ఖర్చుపెట్టి ఒక చిన్న మెటల్ డబ్బా కొంటారు. అదే డిస్టార్షన్ పెడల్. గిటార్ కి, యాంప్ కి మధ్యలో పెట్టి కాలితో ఆన్, ఆఫ్ చేస్తారు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు గిటార్ ఎక్కువగా వినిపించేది చర్చి పాటల్లో, కాలేజీ ఫెస్ట్ లలో, తిరునాళ్ళ ఆర్కెస్ట్రాల్లో. నాలుగు పెడల్స్ పక్కపక్కన పెట్టి వాయించి చూసి కొనే షాపు దగ్గర్లో దొరకడం కష్టం. కాబట్టి ఆన్‌లైన్ లో వీడియో చూసి, కింద రాసిన వివరాలు చదివి ఆర్డర్ పెట్టేస్తాం. ఆ వివరాల్లో "ఒరిజినల్ చిప్", "వింటేజ్ జెర్మేనియం" అనే మాటలు కనిపిస్తాయి. ఆ మాట పడితే రేటు కూడా పెరుగుతుంది. వాటిలో ఏది నిజంగా చెవికి వినిపిస్తుంది, ఏది ఉత్త పేరు? ఈ ఆర్టికల్ లో సర్క్యూట్ విప్పి చూద్దాం.

ముందే ఒక రూల్ చెప్పేస్తాను. సర్క్యూట్ లో ఏ పార్ట్ తన లిమిట్ కి చేరుతుందో అదే సౌండ్ ని డిసైడ్ చేస్తుంది. ఆ లిమిట్ దగ్గరికి ఏ ఫ్రీక్వెన్సీలు వెళ్ళాలి, దాటాక ఏవి మిగలాలి అన్నది కెపాసిటర్లు తేలుస్తాయి. లిమిట్ కి దూరంగా ఉండే పార్ట్ ఎంత ఫేమస్ అయినా బస్సులో ప్యాసింజరే, డ్రైవర్ కాదు.

క్లిప్పింగ్ అంటే ఏంటి?

మార్కాపురం అంటే పలకలే కదా. ఒక పలక మీద బలపంతో గుండ్రటి అల గీయండి. ఇప్పుడు అల పైకొనని, కింది కొనని వేలితో తుడిచి, అక్కడ అడ్డంగా గీత గీయండి. కొండలా ఉన్న అల బల్లలా చదును అయిపోయింది. ఇదే క్లిప్పింగ్. డిస్టార్షన్ అంటే చాలావరకు ఇదే.

బీటెక్ లో ఈసీఈ చదివినవాళ్ళకి ల్యాబ్ లో క్లిప్పర్ ఎక్స్‌పెరిమెంట్ గుర్తుండే ఉంటుంది. సీఆర్ఓ స్క్రీన్ మీద సైన్ వేవ్ తల తెగిపోయి కనిపిస్తుంది, మనం గ్రాఫ్ షీట్ మీద గీసి రికార్డ్ సబ్మిట్ చేసేస్తాం. దాని చెవిటి రూపం అది. చెవికి వినిపించే రూపం ఈ పెడల్. కోడింగ్ భాషలో చెప్పాలంటే ప్రతి శాంపిల్ ని ఒక మినిమమ్, ఒక మ్యాక్సిమమ్ మధ్య బంధించే ఫంక్షన్.

తల తెగితే సౌండ్ ఎందుకు మారుతుంది? శుద్ధమైన సైన్ వేవ్ లో ఒకే ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ఆకారం చెడితే దాని గుణిజాలు కొత్తగా పుడతాయి. వీటినే హార్మోనిక్స్ అంటాం. ఉదాహరణకి 440 హెర్ట్జ్ సైన్ ని పైనా కిందా సమానంగా కోస్తే 1320, 2200, 3080 హెర్ట్జ్ వస్తాయి. అంటే 3, 5, 7 రెట్లు, బేసి సంఖ్యలు మాత్రమే. పైన ఎక్కువ, కింద తక్కువ కోస్తే 880, 1760 లాంటి సరి రెట్లు కూడా చేరతాయి.

ఈ సౌండ్ కి పేరు రావడానికి కూడా ఒక పాడైన పార్టే కారణం. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట "డోంట్ వర్రీ" రికార్డింగ్ లో, మిక్సింగ్ కన్సోల్ లో ట్రాన్స్‌ఫార్మర్ పాడై గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో బరబరమంటూ వచ్చింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. 1962లో అదే రకం సౌండ్ ఇచ్చే మాస్ట్రో ఫజ్-టోన్ పెడల్ మార్కెట్ లోకి వచ్చింది.

డయోడ్: లిమిట్ ఎక్కడ అని చెప్పేది

గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువుని గుర్తు తెచ్చుకోండి. ఏ చెరువుకైనా అలుగు ఉంటుంది. నీటి మట్టం అలుగు ఎత్తుకి చేరేదాకా నీళ్ళు నిలుస్తాయి. ఆ తర్వాత ఎంత వరద వచ్చినా పొర్లిపోతుందే తప్ప మట్టం పెద్దగా పెరగదు. పెడల్ లో డయోడ్ చేసే పని కూడా ఇదే. అలుగు ఎత్తుని ఇక్కడ ఫార్వర్డ్ వోల్టేజ్ అంటారు.

- 1ఎన్34ఏ లాంటి జెర్మేనియం డయోడ్: సుమారు 0.3 వోల్ట్
- 1ఎన్914, 1ఎన్4148 లాంటి సిలికాన్ డయోడ్: సుమారు 0.6 వోల్ట్
- ఎర్ర ఎల్ఈడీ: సుమారు 1.7 వోల్ట్స్

గిటార్ పికప్ నుంచి మామూలుగా వచ్చేది 0.1 నుంచి 0.2 వోల్ట్. గట్టిగా కొడితే 1 వోల్ట్ దాకా పోవచ్చు. పెడల్ ముందు దీన్ని పదుల రెట్లు పెంచి, తర్వాత అలుగు మీదకి తోస్తుంది. అలుగు తక్కువ ఎత్తులో ఉంటే (జెర్మేనియం) త్వరగా కోస్తుంది, వాల్యూమ్ తగ్గుతుంది, సౌండ్ నొక్కినట్టు ఉంటుంది. ఎత్తులో ఉంటే (ఎల్ఈడీ) వాల్యూమ్ బాగా వస్తుంది, చేతి బలం తేడా కూడా తెలుస్తుంది.

ఇంకో విషయం. అల పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి ఎదురెదురు దిక్కుల్లో కనీసం రెండు డయోడ్లు ఉంటాయి. రెండు వైపులా ఒకే లెక్క ఉంటే సమానమైన కోత. 1981లో వచ్చిన బాస్ ఎస్‌డీ-1 లో ఒక వైపు రెండు, ఇంకో వైపు ఒకటి ఉంటాయి. ఇందాక చెప్పిన సరి హార్మోనిక్స్ వచ్చేది ఇలాంటి సర్క్యూట్ లోనే. ఆ తేడాకి కారణమైన అదనపు డయోడ్ ఖరీదు కొన్ని రూపాయలే.

అదే డయోడ్, ప్లేస్ మారితే వేరే సౌండ్

ఇది చాలామంది పట్టించుకోని పాయింట్. డయోడ్ ఏదన్న దానికన్నా ఎక్కడ పెట్టారన్నది పెద్ద విషయం.

మొదటి పద్ధతి: యాంప్లిఫై చేసిన తర్వాత, సిగ్నల్ కి, గ్రౌండ్ కి మధ్య డయోడ్లు పెట్టడం. 0.6 వోల్ట్ దాటగానే మిగతాదంతా గ్రౌండ్ లోకి పోతుంది. అల తల దాదాపు బల్లలా చదునవుతుంది. దీన్ని హార్డ్ క్లిప్పింగ్ అంటారు. 1978లో వచ్చిన బాస్ డీఎస్-1, అలాగే ప్రోకో ర్యాట్ ఈ దారిలోనివే. రాక్, మెటల్ కి పనికొచ్చే గరుకు సౌండ్.

రెండో పద్ధతి: డయోడ్లని ఆప్-యాంప్ ఫీడ్‌బ్యాక్ దారిలో పెట్టడం. ఇక్కడ డయోడ్ ఆన్ అయితే సిగ్నల్ గ్రౌండ్ లోకి పోదు. యాంప్లిఫయర్ గెయిన్ 1 దాకా పడిపోతుంది. అంటే అసలు గిటార్ సిగ్నల్ ఆ డయోడ్ వోల్టేజ్ మీద కూర్చుని అలాగే బయటికి వస్తుంది. తల చదునుగా కాకుండా గుండ్రంగా మిగులుతుంది. ఇది సాఫ్ట్ క్లిప్పింగ్. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ ఇలా పనిచేస్తుంది. మెల్లగా వాయిస్తే క్లీన్ గా, గట్టిగా వాయిస్తే గరగరగా స్పందించడానికి కారణం ఇదే. వర్షిప్ పాటల్లో గిటార్ మిగతా గొంతుల్ని మింగేయకూడదు అనుకునేవాళ్ళకి ఇది బాగా సరిపోతుంది.

కెపాసిటర్: కోతకి ముందు, కోత తర్వాత

పెడల్ లో సౌండ్ ని అన్నిటికన్నా ఎక్కువ మార్చేది ఒక్కటి చెప్పమంటే నేను కెపాసిటర్ అంటాను. ట్యూబ్ స్క్రీమర్ లెక్కనే తీసుకుందాం.

గెయిన్ ని సెట్ చేసే చోట 4.7 కిలో ఓమ్స్ రెసిస్టర్, దానికి సిరీస్ లో 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. ఫీడ్‌బ్యాక్ లో 51 కిలో ఓమ్స్, దాంతో పాటు 500 కిలో ఓమ్స్ డ్రైవ్ నాబ్. నాబ్ ఫుల్ తిప్పితే గెయిన్ = 1 + 551/4.7, సుమారు 118. నాబ్ జీరోలో సుమారు 12. అంటే డ్రైవ్ పూర్తిగా తగ్గించినా ఈ పెడల్ సిగ్నల్ ని 12 రెట్లు పెంచుతూనే ఉంటుంది.

కానీ ఈ గెయిన్ అన్ని ఫ్రీక్వెన్సీలకి ఒకటే కాదు. ఆ 4.7 కిలో ఓమ్స్, 0.047 మైక్రోఫారడ్ జంట కటాఫ్ ఫార్ములా (1 బై 2 పై ఆర్ సీ) ప్రకారం 720 హెర్ట్జ్. దానికి కింద పోయే కొద్దీ గెయిన్ తగ్గుతూ వస్తుంది. అంటే లావు తీగల బేస్ కి తక్కువ కోత, మధ్య స్వరాలకి ఎక్కువ కోత.

ఎందుకిలా? గిటార్ మీద ఒకేసారి రెండు స్వరాలు వాయించి కోస్తే, వాటి కూడికలు, తీసివేతలు కూడా కొత్త ఫ్రీక్వెన్సీలుగా పుడతాయి. 110 హెర్ట్జ్, 165 హెర్ట్జ్ కలిపి వాయిస్తే తేడా 55. ఇది 110 లో సరిగ్గా సగం, కాబట్టి చెవికి ఇంపుగానే ఉంటుంది. రాక్ వాళ్ళు పవర్ కార్డ్స్ వాయించడానికి కారణం ఇదే. అదే 110 కి తోడు 138.6 వాయిస్తే తేడా 28.6. దేనికీ పొసగని సంఖ్య. చెవికి బురదలా వినిపిస్తుంది. కింద స్వరాల్లో ఈ బురద ఎక్కువ. అందుకే కోతకి ముందే బేస్ ని తగ్గిస్తారు.

0.047 తీసి 0.1 మైక్రోఫారడ్ పెట్టండి. కటాఫ్ 720 నుంచి 339 హెర్ట్జ్ కి దిగుతుంది. సౌండ్ లావెక్కుతుంది, కార్డ్స్ లో బురద కూడా కొంచెం పెరుగుతుంది. ఒక్క కెపాసిటర్ తో ఇంత తేడా.

ఇక కోత తర్వాత 1 కిలో ఓమ్, 0.22 మైక్రోఫారడ్ కలిసి 723 హెర్ట్జ్ పైన మెల్లగా తగ్గిస్తాయి. టోన్ నాబ్ ఆ కోసిన పై స్వరాల్ని తిరిగి కావలసినంత తెచ్చుకోవడానికి. ముందు బేస్ తగ్గించి, తర్వాత పై స్వరాలు తగ్గిస్తే మిగిలేది మధ్యే. ట్యూబ్ స్క్రీమర్ అంటే అందరూ చెప్పే "మిడ్ హంప్" ఈ రెండు లెక్కల ఫలితం.

చిప్ పేరుకి రేటు పెట్టాలా?

ట్యూబ్ స్క్రీమర్ అనగానే జేఆర్సీ4558 చిప్ పేరు వినిపిస్తుంది. మన రూల్ పెట్టి చూద్దాం. ఆప్-యాంప్ కి ఒక స్పీడ్ లిమిట్ ఉంటుంది. దాన్ని స్లూ రేట్ అంటారు: ఒక మైక్రోసెకన్ లో ఔట్‌పుట్ ఎన్ని వోల్ట్స్ మారగలదు అని. 4558 కి అది సుమారు 1 వోల్ట్. ఫీడ్‌బ్యాక్ డయోడ్ల వల్ల ఇక్కడ ఔట్‌పుట్ ఒక వైపు 0.8 వోల్ట్ దాకా పోతుంది అనుకుందాం. అంత ఎత్తు సైన్ ని ఈ చిప్ దాదాపు 200 కిలోహెర్ట్జ్ వరకు తడబడకుండా ఇవ్వగలదు. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అంటే ఈ సర్క్యూట్ లో చిప్ కన్నా ఎంతో ముందు డయోడ్లే లిమిట్ కి చేరుతున్నాయి. చిప్ ప్యాసింజర్. దాని పేరు కోసం డబుల్ రేటు పెట్టడం నా దృష్టిలో దండగ.

ఇప్పుడు ర్యాట్ చూడండి. దాని పాత మోడల్స్ లో ఎల్ఎం308 చిప్. స్లూ రేట్ సుమారు 0.3 వోల్ట్. ఇక్కడ డయోడ్లు చిప్ తర్వాత ఉన్నాయి కాబట్టి చిప్ ఔట్‌పుట్ ని ఆపేవాళ్ళు లేరు. 9 వోల్ట్స్ సప్లై మీద అది ఒక వైపు 4 వోల్ట్స్ దాకా ఊగడానికి ప్రయత్నిస్తుంది. అంత ఎత్తుకి 0.3 తో లెక్క వేస్తే 12 కిలోహెర్ట్జ్ దగ్గరే అందుకోలేకపోతుంది. పైగా గెయిన్ చాలా ఎక్కువ కావడంతో అల నిలువుగా లేవాలి. చిప్ కి అంత వేగం లేదు. నిలువు గోడ బదులు వాలు గోడ వస్తుంది, పై స్వరాల పదును తగ్గుతుంది. ర్యాట్ లో 13 వోల్ట్స్ స్లూ రేట్ ఉన్న టీఎల్072 లాంటి వేగమైన చిప్ సర్దితే సౌండ్ ఇంకా కీచుగా మారుతుంది. ఇక్కడ చిప్ డ్రైవర్.

18 వోల్ట్స్ అడాప్టర్ పెడితే సౌండ్ అదిరిపోతుంది అనే మాట కూడా ఇలాగే చూడండి. ట్యూబ్ స్క్రీమర్ రకంలో డయోడ్లు 0.6 దగ్గరే ఆపేస్తుంటే పైన 9 ఉన్నా 18 ఉన్నా పెద్ద తేడా రాదు. పైగా 9 వోల్ట్స్ కి మాత్రమే తయారైన పెడల్ లో పార్ట్స్ కాలిపోవచ్చు. దానికన్నా మంచి ఫిల్టరింగ్ ఉన్న 9 వోల్ట్స్ అడాప్టర్ మేలు. సిగ్నల్ ని అంతగా పెంచే సర్క్యూట్ లోపలికి చొరబడిన అడాప్టర్ హమ్ ని కూడా పెంచుతుంది.

జెర్మేనియం, మన ఎండ

1966లో వచ్చిన ఫజ్ ఫేస్ మొదట్లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసేవాళ్ళు. జిమీ హెండ్రిక్స్ పేరుతో ఆ పెడల్ కి, ఆ పేరుతో "వింటేజ్ జెర్మేనియం" అనే మాటకి విలువ పెరిగింది. సౌండ్ బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ మార్కాపురం వైపు మే నెల అంటే 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. షామియానా కింద స్టేజ్ మీద, లైట్ల పక్కన పెడల్ ఉంటే లోపల ఇంకా వేడి.

జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఆఫ్ లో ఉండాల్సినప్పుడు కూడా కొంత కరెంట్ కారుతూనే ఉంటుంది. ఈ లీకేజీ ప్రతి 10 డిగ్రీలకి దాదాపు రెట్టింపు అవుతుంది. 25 డిగ్రీల దగ్గర 100 మైక్రో ఆంపియర్లు కారే ట్రాన్సిస్టర్ అనుకుందాం. 45 డిగ్రీల దగ్గర అది 400. ఫజ్ ఫేస్ లో మొదటి ట్రాన్సిస్టర్ కి 33 కిలో ఓమ్స్ రెసిస్టర్ ద్వారా అందే మొత్తం కరెంటే సుమారు 250 మైక్రో ఆంపియర్లు. అందేదానికన్నా కారేది ఎక్కువైపోయింది. ఇక ట్రాన్సిస్టర్ సిగ్నల్ మాట వినదు. రెండో ట్రాన్సిస్టర్ మూసుకుపోతుంది. సౌండ్ మధ్యమధ్యలో తెగుతూ, చిటపటలాడి చచ్చిపోతుంది.

సాయంత్రం ఇంట్లో కూలర్ ముందు బాగా మోగిన పెడల్, మధ్యాహ్నం స్టేజ్ మీద పలకకపోతే పెడల్ పాడైందనుకుని అమ్మేయకండి. నీడలో చల్లారనిచ్చి మళ్ళీ చూడండి. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం సిలికాన్ వెర్షన్ తీసుకోవడం మేలు. సిలికాన్ లీకేజీ ఈ లెక్కలో కనిపించనంత తక్కువ. సిలికాన్ డయోడ్ వోల్టేజ్ కూడా డిగ్రీకి 2 మిల్లీవోల్ట్స్ చొప్పునే తగ్గుతుంది. 20 డిగ్రీల తేడాకి 600 లో 40 మిల్లీవోల్ట్స్. చెవికి పెద్దగా తెలియదు.

ఒక్క క్లారిటీ. వేడితో ఇంత ఇబ్బంది జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఉన్న ఫజ్ లకే. కోతకి జెర్మేనియం డయోడ్లు మాత్రమే వాడే పెడల్ ఇలా మూగబోదు.

అసలు తంటా: సౌండ్ బాక్స్

పెడల్ వీడియోలో బ్రహ్మాండంగా ఉంది, మన చర్చిలో మిక్సర్ కి కలిపితే మాత్రం తేనెటీగల తుట్టె కదిలించినట్టు జుయ్యిమంటోంది. ఇది చాలామందికి ఎదురయ్యేదే. ఇక్కడ తప్పు పెడల్ ది కాదు.

వీడియోలో వాళ్ళు వాడేది గిటార్ యాంప్. అందులో సాధారణంగా 12 అంగుళాల స్పీకర్ ఉంటుంది, ట్వీటర్ ఉండదు. 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్ నిటారుగా పడిపోతుంది. అంటే ఆ స్పీకరే సర్క్యూట్ లో చివరి ఫిల్టర్. మన సౌండ్ బాక్సులు గొంతు, కీబోర్డ్ స్పష్టంగా వినిపించడానికి చేసినవి. ట్వీటర్ 15 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుంది. క్లిప్పింగ్ లో పుట్టిన ఆ పై హార్మోనిక్స్ అన్నీ ఏ అడ్డూ లేకుండా చెవిలో పడతాయి.

కాబట్టి ఆ ఫిల్టర్ ని మనమే పెట్టాలి. మూడు దారులున్నాయి.

1. క్యాబినెట్ సిమ్యులేషన్ ఔట్‌పుట్ ఉన్న పెడల్ తీసుకోవడం, లేదా ఆ పని చేసే చిన్న పెడల్ చివర్లో పెట్టడం. స్టేజ్ కి ఇదే బెస్ట్.
2. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే ఫోన్ లోనో ల్యాప్‌టాప్ లోనో క్యాబినెట్ సిమ్యులేషన్ యాప్ వాడటం. లేటెన్సీ 10 మిల్లీసెకన్ల లోపు ఉందో లేదో చూసుకోండి.
3. సోల్డరింగ్ వచ్చినవాళ్ళు, బఫర్ ఔట్‌పుట్ ఉన్న పెడల్ తర్వాత 1 కిలో ఓమ్ రెసిస్టర్ సిరీస్ లో, 33 నానోఫారడ్ కెపాసిటర్ గ్రౌండ్ కి పెట్టండి. కటాఫ్ 4.8 కిలోహెర్ట్జ్. ఇది ఆక్టేవ్ కి 6 డెసిబెల్స్ చొప్పున మెల్లగానే కోస్తుంది, గిటార్ స్పీకర్ అంత నిటారుగా కాదు. అయినా ఆ జుయ్యి చాలావరకు తగ్గుతుంది.

ఫోన్ తోనే టెస్ట్ చేసుకోండి

ఒక ఫోన్ లో టోన్ జనరేటర్ యాప్ వేసి 440 హెర్ట్జ్ సైన్ పెట్టండి. వాల్యూమ్ బాగా తగ్గించి, స్టీరియో నుంచి మోనోకి మార్చే కేబుల్ తో పెడల్ ఇన్‌పుట్ కి ఇవ్వండి. ఇంకో ఫోన్ లో స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ వేసి స్పీకర్ ముందు పెట్టండి. పెడల్ ఆఫ్ లో 440 దగ్గర పెద్ద గీత నిలుస్తుంది. ఆన్ చేయగానే 1320, 2200 లేస్తాయి. 880 కూడా గట్టిగా లేస్తే మీ పెడల్ రెండు వైపులా సమానంగా కోయట్లేదని అర్థం. డ్రైవ్ నాబ్, టోన్ నాబ్ తిప్పుతూ ఏ గీతలు కదులుతున్నాయో చూడండి. ల్యాబ్ లో సీఆర్ఓ కన్నా ఇది త్వరగా బుర్రకెక్కుతుంది.

కొనే ముందు ఈ వరుసలో ఆలోచించండి

మొదట, పెడల్ ఔట్‌పుట్ దేనికి కలుపుతారు? సౌండ్ బాక్స్ కి అయితే బడ్జెట్ లో ముందు భాగం క్యాబినెట్ సిమ్యులేషన్ కి పక్కన పెట్టండి. రెండోది, హార్డ్ క్లిప్పింగా, సాఫ్ట్ క్లిప్పింగా? మీరు వాయించే పాటలకి ఏది కావాలి? మూడోది, ఎండలో, స్టేజ్ మీద వాడతారా? అయితే జెర్మేనియం ఫజ్ వద్దు. చిప్ పేరు ఇవన్నీ అయ్యాక, అదీ ర్యాట్ లాంటి సర్క్యూట్ అయితేనే.

మీ దగ్గర ఇప్పటికే చవక పెడల్ ఉండి నచ్చకపోతే, కొత్తది కొనే ముందు డయోడ్లు, ఆ ఒక్క కెపాసిటర్ మార్చి చూడండి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్ లోనో, లేదా ఆన్‌లైన్ లోనో ఈ పార్ట్స్ అన్నీ కలిపినా ఒక బిర్యానీ ఖర్చు దాటదు. బ్యాటరీ, అడాప్టర్ తీసేశాకే డబ్బా విప్పండి. తీసిన పాత పార్ట్స్ చిన్న కవర్లో దాచిపెట్టుకోండి. కొత్త సౌండ్ నచ్చకపోతే పాతవి మళ్ళీ పెట్టేసుకోవచ్చు.